40 శాతం వేసినా 28 శాతమే ఎందుకు కనబడుతోంది? మార్కప్, మార్జిన్ లెక్క

ప్రశ్న: సరుకు కొని తెచ్చి కొంత షాపులో, కొంత ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. కొన్న ధర మీద 40 శాతం వేసి రేటు పెడుతున్నాను. అకౌంటెంట్ మాత్రం స్థూల లాభం 28 శాతమే అంటున్నారు. గత మూడు నెలల్లో అది 22కి పడిపోయిందట. మిగతాది ఎక్కడికి పోయింది? నిజంగా 40 శాతం మిగలాలంటే ఎంత రేటు పెట్టాలి?

సమాధానం:

మీ లెక్కా తప్పు కాదు, అకౌంటెంట్ గారి లెక్కా తప్పు కాదు. 40కీ 28కీ మధ్య ఉన్న తేడాలో పైసా కూడా పోలేదు. 28కీ 22కీ మధ్య ఉన్న తేడాలో మాత్రం నిజంగానే డబ్బు పోయింది. ఈ రెండింటినీ ముందు విడదీసి చూడాలి. లేకపోతే పోని చోట వెతుకుతూ, పోయిన చోటు వదిలేస్తారు.

100 పెట్టి కొన్నది 140కి అమ్మారు. సరుకు ఖర్చు పోను 40 మిగిలింది, స్థూల లాభం అంటే ఇదే. ఆ 40ని కొన్న 100తో పోలిస్తే 40 శాతం. ఇది మార్కప్. అదే 40ని అమ్మిన 140తో పోలిస్తే 28.57 శాతం. ఇది మార్జిన్. చేతికి వచ్చిన డబ్బు ఒకటే, దేనితో పోలుస్తున్నామన్నదే వేరు. మీరు కొన్న ధరతో పోల్చారు, అకౌంటెంట్ అమ్మకంతో పోల్చారు.

ఈ గందరగోళానికి మూలం చిన్నప్పటి లెక్కల పుస్తకంలోనే ఉంది. అందులో లాభశాతం ఎప్పుడూ కొన్నవెల మీదే కట్టేవాళ్ళం. అంటే మనం నేర్చుకున్న లాభశాతం నిజానికి మార్కప్. లాభనష్టాల ఖాతా దారి వేరు. అందులో మొదటి వరస అమ్మకాలు. సరుకు ఖర్చు, అద్దె, జీతాలు, చివరి లాభం అన్నీ ఆ మొదటి వరసలో ఎన్నో వంతు అనే చూస్తారు. అద్దె అమ్మకాల్లో 8 శాతం, జీతాలు 10 శాతం అంటున్నప్పుడు, లాభం ఒక్కటే కొన్న ధర మీద చెబితే అది వాటితో కలవదు. అందుకే ఖాతాల్లో మార్జిన్ వాడతారు.

పైగా వ్యాపారంలో చాలామంది రెండిటినీ "మార్జిన్" అనే అంటారు. కాబట్టి ఎవరైనా మీతో శాతం చెప్పినప్పుడు "కొన్నదాని మీదా, అమ్మినదాని మీదా?" అని అడిగి తీరాలి. ఇది అడగడానికి మొహమాటపడకండి. ఇక్కడ తేడా వస్తే ఏడాది పొడవునా నష్టపోతారు.

ఒకదాని నుంచి మరోదానికి

మార్కప్ తెలిస్తే మార్జిన్ ఇలా వస్తుంది:
మార్జిన్ = మార్కప్ ÷ (1 + మార్కప్)
మార్జిన్ తెలిస్తే మార్కప్ ఇలా:
మార్కప్ = మార్జిన్ ÷ (1 − మార్జిన్)

శాతాలను దశాంశాల్లో వేసుకోవాలి. 40 శాతం అంటే 0.40. మార్కప్ 0.40 ÷ 1.40 = 0.2857. మీ 28.57 ఇదే.

కాలిక్యులేటర్ లేకుండా చేసుకోవాలంటే భిన్నాలు పట్టుకోండి. మార్కప్ మూడో వంతు అయితే మార్జిన్ నాలుగో వంతు. మార్కప్ నాలుగో వంతు అయితే మార్జిన్ ఐదో వంతు. మార్కప్ సగం అయితే మార్జిన్ మూడో వంతు. పైన ఉన్న అంకెను కింద ఉన్న అంకెకు కలిపితే చాలు: మార్కప్ 2/3 అయితే మార్జిన్ 2/5, అంటే 40 శాతం. కొన్న ధరకు రెట్టింపు పెడితే మార్కప్ 100, మార్జిన్ 50. మూడు రెట్లు పెడితే మార్కప్ 200, మార్జిన్ 66.67. అయిదు రెట్లు పెడితే మార్కప్ 400, మార్జిన్ 80. మార్కప్‌కి పై హద్దు లేదు కానీ మార్జిన్ ఎప్పటికీ 100కి చేరదు. సరుకు ఉచితంగా వస్తే తప్ప. ఎవరైనా "150 శాతం మార్జిన్" అన్నారంటే వాళ్ళు మార్కప్ గురించి మాట్లాడుతున్నారని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

శాతాలు చిన్నగా ఉన్నప్పుడు రెండిటి మధ్య తేడా పెద్దగా తెలియదు. మార్కప్ 5 అయితే మార్జిన్ 4.76. అందుకే తక్కువ లాభానికి ఎక్కువ సరుకు తిప్పేవాళ్ళకి ఈ పొరపాటు చాలాకాలం బయటపడదు. మార్కప్ 50 దాటాక మాత్రం రెండూ బాగా దూరమైపోతాయి.

40 శాతం మిగలాలంటే ఎంతకి అమ్మాలి

ఇక్కడ హెచ్చించకూడదు, భాగించాలి.

అమ్మే ధర = ఖర్చు ÷ (1 − కావలసిన మార్జిన్)

ఒక వస్తువు మీకు 600కి పడిందనుకోండి. 40 శాతం మార్జిన్ కావాలి. 600 ÷ 0.60 = 1,000. సరిచూడండి: 1,000లో 600 పోతే 400, అది 1,000లో 40 శాతం. 600ని 1.40తో హెచ్చించి ఉంటే 840 పెట్టేవారు. ఒక్కో వస్తువుకి 160 తక్కువ. నెలకు 200 అమ్మితే 32,000. మీరు ఇప్పటిదాకా చేస్తున్నది ఈ రెండో లెక్కే.

కాలిక్యులేటర్ దగ్గర ఒక జాగ్రత్త. 100, కూడిక గుర్తు, 20, శాతం గుర్తు వరసగా నొక్కి చూడండి. కొన్ని కాలిక్యులేటర్లలో 120 వస్తుంది, కొన్నిటిలో 125 వస్తుంది. 125 చూపించేది పాడైపోలేదు. అమ్మే ధర మీద 20 శాతం మిగలాలని అర్థం చేసుకుని 100ని 0.80తో భాగించింది. కౌంటర్ దగ్గర ఒకటి, గోడౌన్‌లో ఒకటి ఉండి, రెండూ వేర్వేరు రకాలైతే ఒకే సరుకుకి రెండు రేట్లు పడతాయి. మీ దగ్గర ఉన్న ప్రతి కాలిక్యులేటర్ మీదా ఈ పరీక్ష ఒకసారి చేయండి. కంప్యూటర్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే దానికీ ఇదే పరీక్ష: "లాభ శాతం" అన్న గడిలో 20 వేసి, 100 ఖర్చున్న వస్తువుకి 120 చూపిస్తోందా, 125 చూపిస్తోందా చూడండి. కొన్నిటిలో ఆ గడికి పేరు మార్జిన్ అనే ఉంటుంది కానీ లోపల కట్టేది మార్కప్.

28 నుంచి 22కి ఎలా పడింది

ఇది అసలు విషయం. మీ ఖాతాలు చూడకుండా కచ్చితంగా చెప్పలేను కానీ, ఇలా పడిపోవడానికి పెద్ద ప్రమాదమేమీ జరగక్కర్లేదు. మూడు చిన్న సంగతులు కలిస్తే చాలు. అంకెలతో చూడండి.

100 వస్తువులు ఒక్కోటి 100 చొప్పున కొన్నారు, మొత్తం 10,000. అన్నీ 140కి అమ్ముడుపోతే 14,000, లాభం 4,000, మార్జిన్ 28.57. ఇప్పుడు జరిగింది చూడండి. తెచ్చిన రవాణా ఒక్కోదానికి 3 చొప్పున 300 అయింది. మీరు రేటు పెట్టేటప్పుడు బిల్లులో ఉన్న 100 మాత్రమే చూశారు. అకౌంటెంట్ ఆ 300ని సరుకు ఖర్చులోనే కలిపారు, కలపాల్సింది కూడా అక్కడే. రెండు వస్తువులు పగిలాయి, 280 రావాల్సింది రాలేదు. మిగిలిన 98లో 20 వస్తువులను 20 శాతం తగ్గింపుతో 112కి ఇచ్చారు, అక్కడ 560 తగ్గింది. మొత్తం 1,140. నాలుగు వేల లాభం 2,860 అయింది. అమ్మకాలు 13,160. మార్జిన్ 21.73.

రవాణా 3 శాతం, తరుగు 2 శాతం, అయిదింట ఒక వస్తువు మీద తగ్గింపు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దగా అనిపించదు. కానీ ఇవి కోతపెట్టేది అమ్మకాలకు కాదు, లాభానికి. అమ్మకాలు 6 శాతం తగ్గితే లాభం 28 శాతానికి పైగా తగ్గింది. మీ ఖాతాలో ఈ మూడింటి అంకెలూ విడివిడిగా తీయించండి. ఎక్కడ ఎంత పోయిందో ఒక పూటలో తేలుతుంది.

ఖర్చు అంటే బిల్లులో ఉన్న ధర కాదు

రేటు పెట్టడానికి పనికొచ్చే ఖర్చు, సరుకు మీ అరలోకి వచ్చి అమ్మకానికి సిద్ధమయ్యేసరికి ఎంత పడిందన్నది. బిల్లు ధర, రవాణా, దారిలో బీమా, లారీకి ఎక్కించి దించే కూలీ, బయటి దేశం నుంచి తెస్తే కస్టమ్స్ సుంకం, తిరిగి రాని పన్నులు, లేబుళ్ళు, ప్యాకింగ్. తిరిగి క్రెడిట్ దొరికే పన్నును ఖర్చులో కలపకండి, అది మీ డబ్బే.

ఒకే లోడులో రకరకాల సరుకు వచ్చినప్పుడు రవాణాను ఎలా పంచాలన్నది చాలామంది తేలిగ్గా తీసేస్తారు. బిల్లు ధర నిష్పత్తిలో పంచితే తేలిక, కానీ తప్పు. పెద్దగా, తేలిగ్గా, చవగ్గా ఉండే వస్తువు లారీలో సగం చోటు తింటుంది, దాని మీద పడే రవాణా మాత్రం పిసరంత. చిన్నదీ ఖరీదైనదీ ఆ భారం మోస్తుంది. ఫలితంగా మొదటిది బాగా లాభం ఇస్తున్నట్టు కనబడి, మీరు అదే ఎక్కువ తెప్పిస్తారు. రవాణా వాళ్ళు బరువు చూసి వసూలు చేస్తే బరువును బట్టి, చోటు చూసి వసూలు చేస్తే చోటును బట్టి పంచండి.

తరుగు దగ్గర మళ్ళీ భాగహారమే. 50 చొప్పున 100 తెస్తే 5,000. అందులో 30 పాడయ్యే రకం సరుకనుకోండి. చాలామంది 50కి 30 శాతం కలిపి 65 అంటారు. కానీ 5,000ని మోయాల్సింది మిగిలిన 70 వస్తువులే: 5,000 ÷ 70 = 71.43. తరుగు 2 శాతం దగ్గర ఈ తేడా కనబడదు, 30 దగ్గర ఒక్కోదానికి ఆరుకు పైగా తేడా వస్తుంది. పగిలే సరుకు, వాడిపోయే సరుకు, గడువు దాటిపోయే సరుకు అమ్మేవాళ్ళు ఇది తప్పకుండా కట్టాలి.

మీరే తయారుచేసే వస్తువులు ఏమైనా ఉంటే మీ పని గంటలకూ కూలి కట్టండి. ఇప్పుడు ఆ డబ్బు మీరు తీసుకోకపోయినా సరే. రేపు గిరాకీ పెరిగి మనిషిని పెట్టుకున్న రోజు ఆ కూలి రేటులో లేకపోతే, ఎక్కువ అమ్మేకొద్దీ చేతిలో తక్కువ మిగులుతుంది.

ఆన్‌లైన్ అమ్మకం

షాపు రేటే ఆన్‌లైన్‌లోనూ పెడుతున్నారో లేదో మీరు చెప్పలేదు. పెడుతుంటే ముందు ఇది చూడండి. ఆన్‌లైన్ ఖర్చుల్లో రెండు రకాలున్నాయి. ప్యాకింగ్, డెలివరీ లాంటివి ఇంత అని ఉంటాయి. కమిషన్, పేమెంట్ ఛార్జీ అమ్మే ధర మీద శాతంగా ఉంటాయి. ఈ రెండో రకంతోనే చిక్కు. మీరు రేటు పెంచితే అవీ పెరుగుతాయి. కాబట్టి వాటిని ఖర్చుకి కలపడం కుదరదు, భాగించేచోట తీసేయాలి.

అమ్మే ధర = ఇంత అని ఉండే ఖర్చులన్నీ ÷ (1 − కమిషన్ − పేమెంట్ ఛార్జీ − కావలసిన మార్జిన్)

సరుకు 300, ప్యాకింగ్ 20, డెలివరీ 40. మొత్తం 360. కమిషన్ 15 శాతం, పేమెంట్ 2 శాతం, మీకు 25 శాతం మిగలాలి. మూడూ కలిపితే 42. 360 ÷ 0.58 = 620.69. అదే 360 మీద 42 శాతం వేసి 511.20 పెడితే, అందులో 17 శాతం కింద 86.90 పోయి, 360 పోయి, మీ చేతికి 64.30 వస్తుంది. అది 12.6 శాతం. కావాలనుకున్నదాంట్లో సగం. కమిషన్ మీద మళ్ళీ పన్ను వేస్తే, అది మీకు తిరిగి రాకపోతే, దాన్నీ కమిషన్ శాతంలో కలుపుకోండి.

వెనక్కి వచ్చే సరుకు ఇంకా కలపలేదు. నూటికి పది వెనక్కి వస్తాయనుకోండి. ఒక్కోదానికి పోను 40, రాను 40, మళ్ళీ ప్యాకింగ్ 20, వెరసి 100. పదింటికి 1,000. దాన్ని మోసేది నిలబడిన 90 అమ్మకాలే, కాబట్టి ఒక్కోదాని మీద 11.11. ఖర్చు 371.11 అవుతుంది, రేటు 640కి చేరుతుంది. వెనక్కి వచ్చినది కొత్తదానిగా మళ్ళీ అమ్మడానికి పనికొస్తుందన్న లెక్క ఇది. పనికిరాకపోతే ఆ వస్తువు ఖరీదు కూడా ఇందులోకే వస్తుంది, అప్పుడు అంకె చాలా మారిపోతుంది.

ఇక్కడే ఇంకొక మాట. కమిషన్, డెలివరీ లాంటివాటిని చాలా ఖాతాల్లో స్థూల లాభం తేల్చాక, దాని కింది వరసల్లో అమ్మకపు ఖర్చులుగా రాస్తారు. అందువల్ల స్థూల మార్జిన్ బాగానే కనబడుతూ ఆన్‌లైన్ అమ్మకం మొత్తం నష్టంలో నడవొచ్చు. ఒక్కో వస్తువు అమ్మినందువల్ల అయ్యే ఖర్చులన్నీ తీసేశాక మిగిలేదాన్ని కాంట్రిబ్యూషన్ అంటారు. అద్దె, జీతాలు కట్టాల్సింది దాంట్లోంచే. షాపుకీ ఆన్‌లైన్‌కీ ఈ అంకె విడిగా కట్టించండి.

పన్ను కలిసిన ధర

బిల్లు మీద వసూలు చేసే పన్ను మీది కాదు. పన్ను 20 శాతం అనుకుందాం. వినియోగదారుడు ఇచ్చింది 1,200 అయితే మీ అమ్మకం 1,200 ÷ 1.20 = 1,000. 1,200లో 20 శాతం 240 తీసేసి 960 అంటే తప్పు, పన్ను వేసింది 1,200 మీద కాదు. సరుకు 700కి పడితే మీ మార్జిన్ 1,000లో 300, అంటే 30 శాతం. 1,200తో చూసుకుని 41.67 అనుకుంటే మోసపోతారు. మార్జిన్ కట్టేటప్పుడు అమ్మే ధరా, కొన్న ధరా రెండూ పన్ను తీసేసినవే ఉండాలి. పన్ను మీకు తిరిగి రాని సరుకైతే, కొన్న ధరలో దాన్ని ఉంచేయాలి.

తగ్గింపు ఇచ్చేముందు

తగ్గింపు శాతం అమ్మే ధర మీద కడతాం, మార్కప్ కొన్న ధర మీద కడతాం. 40 వేశాను, 20 తగ్గించాను, ఇంకా 20 ఉంది అనిపిస్తుంది. లేదు. 140లో 20 శాతం 28. 112 వచ్చింది, మిగిలింది 12, మార్జిన్ 10.7. లాభం 40 నుంచి 12కి పడింది. పాత లాభమే రావాలంటే 3.33 రెట్లు అమ్మాలి.

ఎంత ఎక్కువ అమ్మాలో ముందే తెలుసుకోవడానికి:
అమ్మకాల్లో కావలసిన పెరుగుదల = తగ్గింపు ÷ (మార్జిన్ − తగ్గింపు)

మీ 28.57 మార్జిన్ మీద 5 శాతం తగ్గిస్తే 21 శాతం ఎక్కువ వస్తువులు అమ్మాలి. 10 శాతం తగ్గిస్తే 54 శాతం ఎక్కువ. 20 తగ్గిస్తే 233 శాతం ఎక్కువ. తగ్గింపు పెట్టిన వారంలో కౌంటర్ దగ్గర రద్దీ బాగుందని సంతోషపడేముందు ఈ అంకెతో పోల్చండి. దీనికి ఎదురు లెక్క కూడా చూడాలి: రేటు 5 శాతం పెంచి 147 చేస్తే ఒక్కోదాని మీద 47 మిగులుతుంది. అమ్మకాలు దాదాపు 15 శాతం తగ్గినా మొత్తం లాభం మారదు. రేటు పెంచడానికి భయపడేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే ఆ భయం ఎంతవరకు నిజమో తెలుస్తుంది.

"రెండు కొంటే ఒకటి ఉచితం" మీ రేట్లకు అసలు సరిపడదు. 280 వస్తుంది, మూడింటి ఖర్చు 300. ఇచ్చిన ప్రతిసారీ 20 నష్టం. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనాలంటే మార్కప్ 100కి పైన ఉండాలి.

ఏడాదిలో కొన్నాళ్ళు 20 శాతం తగ్గింపు ఇవ్వక తప్పదనుకుంటే, దాన్ని ముందే రేటులో పెట్టుకోండి, అదీ భాగించే. ఖర్చు 100, తగ్గింపు తర్వాత 30 శాతం మార్జిన్ కావాలి: 100 ÷ 0.70 = 142.86. దాన్ని మళ్ళీ 0.80తో భాగిస్తే 178.57. 142.86కి 20 శాతం కలిపి 171.43 పెడితే, తగ్గింపు తర్వాత 137.14 వచ్చి మార్జిన్ 27కి పడుతుంది. అయితే ఆ 178.57కి తగ్గింపు లేని రోజుల్లో నిజంగా అమ్ముడుపోవాలి. కాగితం మీద పెంచి, ఎప్పుడూ తగ్గించి ఇచ్చే ధరను నేను సమర్థించను. కొనేవాళ్ళు రెండోసారికే పసిగడతారు, తర్వాత అసలు రేటుకి ఎవరూ కొనరు.

ధర పెరిగినప్పుడు పాత సరుకు

100కి కొన్నది అరలో ఉంది. ఈలోగా కొత్త సరుకు 125 అయింది. పాతది 140కే అమ్మితే ఖాతాలో 40 లాభం రాస్తారు. కానీ ఆ అరను మళ్ళీ నింపడానికి 125 పెట్టాలి, చేతిలో మిగిలేది 15. ఖాతా లెక్క వేరు, రేటు పెట్టే లెక్క వేరు. రేటు పెట్టేటప్పుడు ఈరోజు తెస్తే ఎంత పడుతుందో దాని మీద కట్టండి. గత మూడు నెలల్లో మీ సరుకు ధరలు పెరిగి ఉంటే, మీరు రేట్లు మార్చకపోతే, 28 నుంచి 22కి పడడంలో దీనికీ వాటా ఉంటుంది.

పెంచేటప్పుడు మార్జిన్ శాతం నిలబెట్టాలా, ఒక్కో వస్తువు మీద వచ్చే లాభం డబ్బు నిలబెట్టాలా అన్నది ఆలోచించాలి. 600 ఖర్చు 660 అయిందనుకోండి. 1,000 రేటే ఉంచితే మార్జిన్ 40 నుంచి 34కి పడుతుంది. శాతం నిలబెట్టాలంటే 1,100. ఒక్కోదాని మీద 400 లాభమే చాలనుకుంటే 1,060, మార్జిన్ 37.7. పోటీ గట్టిగా ఉన్న వస్తువు మీద రెండోదే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే మీ అద్దె, జీతాలు సరుకుతో పాటు పెరగలేదు. అవి కూడా పెరుగుతుంటే 1,060 చాలదు.

అన్నిటి మీదా ఒకటే శాతం ఎందుకు వేయకూడదు

మీ పద్ధతిలో నేను మొట్టమొదట మార్చమనేది ఇదే. 10కి వచ్చే వస్తువు మీద 40 శాతం అంటే 4. దాన్ని ప్యాక్ చేసి పంపడానికి 8 అయితే అమ్మిన ప్రతిసారీ నష్టం. 5,000 వస్తువు మీద 40 శాతం అంటే 2,000. అంత వేస్తే ఆ వస్తువు కదలకపోవచ్చు, 900 వేసినా అది మీకు బాగా గిట్టుబాటు కావచ్చు. చవక వస్తువుకి శాతంతో పాటు కనీసం ఇంత మిగలాలని ఒక అంకె కూడా పెట్టుకోండి. రెండిట్లో ఏది ఎక్కువైతే అది వేయండి.

ఎంత వేగంగా కదులుతుందో కూడా చూడాలి. ఇక్కడ మార్జిన్ కన్నా మార్కప్పే బాగా పనికొస్తుంది. 25 శాతం మార్కప్ ఉన్న సరుకు ఏడాదికి 12 సార్లు తిరిగితే, అందులో ఇరుక్కున్న ప్రతి 100కి 300 స్థూల లాభం వస్తుంది. 100 శాతం మార్కప్ ఉన్నది రెండుసార్లే తిరిగితే 200 వస్తుంది. మార్కప్‌ని తిరిగిన సార్లతో హెచ్చిస్తే చాలు. పెట్టుబడి కొద్దిగానే ఉన్నవాళ్ళు ఈ లెక్క చూసుకుని అరలు నింపాలి. నెలల తరబడి కదలని సరుకుకి ఎక్కువ మార్కప్ అడగడంలో తప్పు లేదు, అది మీ డబ్బునీ చోటునీ పట్టుకుని కూర్చుంది.

రకరకాల మార్జిన్లు పెట్టాక సగటు చూసేటప్పుడు శాతాలను సగటు తీయకండి. 10 శాతం మార్జిన్ సరుకు 80,000 అమ్మి, 50 శాతం మార్జిన్ సరుకు 20,000 అమ్మితే సగటు 30 కాదు. 8,000, 10,000 కలిపి 18,000, మొత్తం లక్ష అమ్మకంలో 18 శాతం. ఏ రేటూ మారకుండానే, తక్కువ మార్జిన్ సరుకు ఎక్కువ అమ్ముడుపోయినందువల్ల కూడా మీ 28 తగ్గిపోవచ్చు. అది లీకేజీ కాదు, అమ్మకాల పాళ్ళు మారడం. రెండిటికీ మందు వేరు కనుక వస్తువులవారీగా చూడకుండా నిర్ణయానికి రాకండి.

ఇంకా, రేటు ఎప్పుడూ ఖర్చు నుంచే పుట్టదు. మార్కెట్లో ఆ వస్తువు 900కి దొరుకుతుంటే మీ 1,000 నిలబడదు. అప్పుడు వెనక్కి నడవండి: 900లో 35 శాతం మిగలాలంటే 900 × 0.65 = 585. అంతకన్నా ఎక్కువకి పడే సరుకు తేకూడదు. అమ్మేటప్పుడు భాగహారం, కొనేటప్పుడు గుణకారం. బేరానికి వెళ్ళేముందు ఈ అంకె రాసుకుని వెళ్ళండి. అయితే 585 అన్నది రవాణాతో సహా అని గుర్తుంచుకోండి, రవాణా 15 అయితే మీరు ఒప్పుకోగలిగే బిల్లు ధర 570.

వేరే షాపులకు కూడా సరుకు వేయాలనుకుంటే ఇదే నడక. చివరి ధర 1,000, షాపువాళ్ళకు 40 శాతం మార్జిన్ కావాలి అంటే వాళ్ళకి మీరు 600కి ఇవ్వాలి. మధ్యలో పంపిణీదారు 20 శాతం అడిగితే ఆయనకి 480కి. మీ చేతికి వచ్చేది 480. అందులో మీ ఖర్చూ లాభమూ పట్టకపోతే ఆ దారి పనికిరాదు. వాళ్ళు 40 శాతం అన్నది కొన్నదాని మీద అనుకుని 714కి ఇస్తానని మీరు ఒప్పందం మాట్లాడితే, మొదటి బిల్లు దగ్గరే గొడవ వస్తుంది.

మీకు నిజంగా 40 కావాలా

అది అద్దె, జీతాలు, కరెంటు చెప్పాలి. అవి నెలకు 60,000 అనుకుంటే, 28.57 మార్జిన్‌తో లాభం నష్టం లేని అమ్మకం 60,000 ÷ 0.2857, అంటే 2,10,000. 21.73 మార్జిన్‌తో అదే 2,76,000 దాటుతుంది. 40తో 1,50,000 చాలు. ఈ లెక్కకి స్థూల మార్జిన్ కాకుండా పైన చెప్పిన కాంట్రిబ్యూషన్ శాతం వేయాలి. మీ అమ్మకం ఈ గీతకి ఎంత పైన ఉందో చూస్తే, అన్ని రేట్లూ పెంచాలా, లేక పోతున్న 1,140 లాంటివి ఆపితే చాలా అన్నది తెలుస్తుంది. నా అంచనా రెండోదే. ఒకేసారి అన్నిటి మీదా 140ని 167 చేస్తే, ధర నోటికి తెలిసిన వస్తువుల మీద గిరాకీ దెబ్బతింటుంది.

కాబట్టి ముందుగా ఎక్కువ అమ్ముడుపోయే 20 వస్తువులు తీసుకోండి. ఒక్కోదానికి వరసగా రాయండి: ఈరోజు బిల్లు ధర, రవాణా, తరుగు కలిపాక ఖర్చు, పన్ను తీసేసిన అమ్మే ధర, గత మూడు నెలల్లో నిజంగా వచ్చిన సగటు ధర, దాని మీద మార్జిన్, నెలకు ఎన్ని కదిలాయి. షాపుకి ఒక కాగితం, ఆన్‌లైన్‌కి ఒక కాగితం. పెట్టిన ధరకీ నిజంగా వచ్చిన సగటు ధరకీ తేడా ఎక్కడ ఎక్కువగా ఉందో ఆ వస్తువుతో మొదలుపెట్టండి. ఆ కాగితాల్లోని అంకెలు ఇక్కడ రాస్తే, ఏ వస్తువుకి ఎంత రేటు గిట్టుబాటో విడివిడిగా చూసి చెబుతాను.